బ్రేకుల గరగర

మాదాపూరునుండి గచ్చిబౌలి వైపు పోవు త్రోవలో ఉదయము తొమ్మిది గంటల వేళ నిలిచి చెవి యొగ్గినచో, హారన్ల మోత నడుమ అప్పుడప్పుడు మరొక ధ్వని వినవచ్చును. తిరుగలిలో గులకరాయి పడినట్లు గరగర. కారు ఆగగానే అదియు ఆగిపోవును. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైననాడు ఈ చుట్టుప్రక్కల కొండరాళ్ళే ఎక్కువ. నేడు వాటి నడుమ కార్లు చీమలబారువలె ప్రాకుచున్నవి. పది మీటర్లు నడచుట, బ్రేకు వేయుట, మరల పది మీటర్లు నడచుట. గడచిన వానకాలములో ఆ గరగర నా కారునుండియే వచ్చెను. కారణము వెదకబోగా, అది నన్ను నూటముప్పది యేండ్లకు పైబడిన చరిత్రలోనికి తీసికొనిపోయినది.

1888 ఆగస్టులో, మోటారుకారు నిర్మించిన కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్, భర్తకు చెప్పకుండ ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, జర్మనీలో మాన్‌హైమ్‌నుండి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి ఆ బండిలో బయలుదేరెను. దూరము నూరు కిలోమీటర్లకు పైమాటే. ఆ బండికి బ్రేకన్నది చక్రమునకు ఒత్తుకొను చెక్కదిమ్మ మాత్రమే. దిగుడు త్రోవలలో ఆ చెక్క అరిగిపోయెను. ఆమె దారిలో ఒక చెప్పులు కుట్టువానిచేత దిమ్మపై తోలు కొట్టించి ముందుకు సాగెను. నేడు మనము బ్రేకు లైనింగు అని పిలుచు వస్తువు ఆ తోలుముక్కతోనే మొదలైనదని చెప్పుదురు. అరుగక తప్పదు గనుక, అరుగవలసిన దానిని వేరుగా అమర్చి, అరిగిన వెంటనే మార్చుకొనుట అను ఉపాయము అందులో ఉన్నది. తరువాత వచ్చిన బ్రేకులన్నిటికి ఇదియే మూలము.

అరుగక ఏల తప్పదు? లెక్క చూతము. మనుష్యులతో సహా 1,200 కిలోగ్రాముల కారు గంటకు 54 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 15 మీటర్ల చొప్పున పోవుచున్నదనుకొందము. దాని గతిజశక్తి 1,35,000 జౌళ్లు. 20 డిగ్రీల వద్దనున్న 400 గ్రాముల నీటిని మరుగుస్థానమునకు తెచ్చుటకు ఇంచుమించు ఇంతే శక్తి చాలును. కారును ఆపినప్పుడు ఆ శక్తి నశింపదు. ఘర్షణవలన ఉష్ణమై బ్రేకులలో చేరును. వేగము సగమైనచో ఈ ఉష్ణము నాలుగవ వంతే; కాని ఐటీ ఉద్యోగి ఒక్క ఉదయమున ఎన్నిసార్లు ఆగునో లెక్కింపుడు! (2019 లో హైటెక్ సిటీకి వచ్చిన మెట్రో రైలు ఈ శక్తిలో కొంత భాగమును తిరిగి విద్యుత్తుగా మార్చుకొనును. మన పెట్రోలు కారుకు ఆ విద్య లేదు.)

తోలు ఈ వేడికి చాలకాలము నిలువలేదు. ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అను నతడు 1897 లో బ్రేకు లైనింగుల తయారీకి పూనుకొనెను. మొదట నూలుబట్టను జిగురుపదార్థములతో గట్టిపరచి వాడెను గాని, నూలు వేడికి మాడును. ఆ తరువాత కొలది యేండ్లకే రాతినార వచ్చినది. ఇంతలో 1902 లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకునకు పేటెంటు పొందెను. తిరుగు పళ్ళెమును రాగి ముక్కలు ఇరుప్రక్కల పట్టుకొనును. ఆలోచన గొప్పదే, కాని లోహము లోహమును రాచి భరింపరాని కీచుధ్వని పుట్టినది. నా కారు చేసిన గోల ఆ లాంచెస్టరు బండి గోలకు బంధువే.

ఆ తరువాత అర్ధశతాబ్ది డ్రమ్ము బ్రేకులదే రాజ్యము. హైదరాబాదులో 1932 లో నిజాము రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో సేవ ఆరంభించినప్పుడు ఆ బస్సులను ఆపినవి డ్రమ్ములే. డ్రమ్ము మూసిన గిన్నె వంటిది. వేడి త్వరగా బయటపడదు, పొడియు లోపలనే చేరును. డిస్కు గాలికి తెరచి యుండును. 1953 లో ఫ్రాన్సులోని ల మాన్ ఇరువదినాలుగు గంటల పందెములో డిస్కు బ్రేకులు గల జాగ్వార్ గెలిచిన పిమ్మట ఆ మేలు లోకమునకు తెలిసినది.

రాతినార సంగతి ఇంత సులభముగా విడువరాదు. అది మనకు పరాయిది కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతమున, బ్రాహ్మణపల్లె మొదలగు గ్రామముల వద్ద, వేంపల్లె శిలలలోనికి కరగిన రాయి చొచ్చుకొని వచ్చిన చోట్ల ఇది తెల్లని పోగులుగా ఏర్పడినది. మేలురకమని పేరుపొందినది కూడ. పట్టువలె విడిపోవును, నిప్పుకు కాలదు. బ్రేకునకు ఇంతకన్న ఏమి కావలెను? అయితే ఈ పోగులు కంటికి కానరానంత సన్నమై ఊపిరితిత్తులలో చేరి, ఇరువది, నలుబది యేండ్ల తరువాత క్యాన్సరు మొదలగు వ్యాధులను కలిగించును. 1986 లో కేంద్రప్రభుత్వము రాతినార గనులకు క్రొత్త కౌళ్ళు ఇచ్చుట మానెను. 1995 లో సుప్రీంకోర్టు రాతినార కార్మికుల ఆరోగ్యరక్షణ గూర్చి తీర్పు చెప్పెను. ఐరోపా సంఘము 2005 నుండి దాని వాడకమును నిషేధించెను. ఇంతకాలము డ్రమ్ము విప్పి, లోపలి పొడిని నోటితోనో గాలిగొట్టముతోనో ఊదిన మెకానిక్కుల ఊపిరి సంగతి ఎవరు లెక్క కట్టిరి?

నా కారు కథకు వచ్చెదను. గరగరలన్నియు ఒకటి కావు. రాత్రి వానలో తడిసిన డిస్కుపై పలుచని త్రుప్పు పట్టును. ఉదయము నాలుగైదు బ్రేకులతో ఆ ధ్వని పోయినచో భయము లేదు. బ్రేకు వేయకున్నను గీచుకొను చప్పుడు విడువకున్నచో, డిస్కునకు దాని వెనుకనున్న రేకునకు నడుమ రాయి చిక్కియుండవచ్చును. మలుపులలో హెచ్చుతగ్గులగు హోరు సాధారణముగా బేరింగుది. పెడల్ నొక్కినప్పుడే వచ్చు గరగర మాత్రము ప్యాడ్‌ది. నాది ఇదియే.

అంతకు పదునైదు దినములముందు సన్నని కీచుధ్వని వచ్చినమాట నిజము. అనేక ప్యాడ్లకు ఒక చిన్న ఉక్కు రేకు ఉండును; లైనింగు పలుచబడగానే అది డిస్కును తాకి కీచుమనును. కావలెనని పెట్టిన అరుపు అది. భౌతికశాస్త్రము చెప్పువాడనై యుండియు నేను దానిని దుమ్మని త్రోసివేసితిని. మా సెల్లారులో చక్రము విప్పి చూడగా లైనింగు పూర్తిగా పోయి, వెనుకనున్న ఇనుపపలక డిస్కును దున్నుచుండెను. సాయమునకు వచ్చిన మెకానిక్కు, "సార్, కీచుమన్నప్పుడే చూపించి ఉంటే డిస్కు దక్కేది" అనెను. లైనింగు 3 మిల్లీమీటర్లకు తగ్గినప్పుడే ప్యాడ్లు మార్చియున్నచో అంతటితో తీరెడిది. ఇప్పుడు డిస్కులు కూడ కొనవలసివచ్చెను.

అతడు గాలిగొట్టము అందుకొనబోగా నేను వారించితిని. క్రొత్త ప్యాడ్లలో రాతినార లేకపోవచ్చును. విప్పిన పాతదానిలో ఏమున్నదో కంటితో చెప్పజాలము. రుమాలు కట్టుకొన్నంతమాత్రమున ఆ పోగులు ఆగవు. పొడిని నీటితో తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టివేసితిమి. కారును జాకీపైనే నమ్మి వదలక క్రింద స్టాండ్లు పెట్టితిమి. ఒక ప్రక్క ప్యాడ్లు మాత్రమే మార్చినచో కారు బ్రేకు వేసినప్పుడు ఒక వైపు లాగును గనుక, ముందు చక్రములు రెండింటికి మార్చితిమి. క్యాలిపరును గొట్టముపై వ్రేలాడనీయక తీగతో కట్టితిమి.

ఇంటిలో ఈ పని చేయువారు మరచునది కడపట నున్నది. క్రొత్త ప్యాడ్లకు చోటు చేయుటకై పిస్టనును లోనికి నెట్టుదుము. అందుచేత మొదటిసారి పెడల్ నొక్కగా అది నేలవరకు పోవును, బ్రేకు పడదు. మెకానిక్కు ఇంజను ఆరంభించి కారును కదలింపక, అక్కడనే నిలిపి పెడలును పలుమారులు నొక్కెను. నాలుగవసారికి అది గట్టిపడెను. అప్పుడు కారును సెల్లారు ఎత్తుపైకి మెల్లగా నడిపి, మధ్యలో ఆపి చూచితిమి. చప్పుడు లేదు. ఆ అరిగిన ప్యాడు ఇప్పుడు మా కళాశాల ప్రయోగశాల బీరువాలో, ఘర్షణ పాఠమునకై ఉంచిన చెక్కదిమ్మల ప్రక్కన ఉన్నది.