బయోప్లాస్టిక్ కవర్లు: 'మట్టిలో కలిసిపోతుంది' అంటే ఎంతవరకు నమ్మాలి?

2022 జూలై 1 నుంచి దేశంలో ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాల వంటి ఒకసారి వాడి పారేసే వస్తువులను నిషేధించారు. అదే ఏడాది డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలుచని క్యారీ బ్యాగులు కూడా వాడకూడదు. కంపోస్ట్ అయ్యే బ్యాగులకు మాత్రం ఈ మందం నిబంధన లేదు. అందుకే ఇప్పుడు స్వీట్ షాపుల్లో, చికెన్ సెంటర్లలో ఆకు బొమ్మ వేసిన పచ్చ కవర్లు కనిపిస్తున్నాయి.

అసలు 'బయోప్లాస్టిక్' అనే ఒక్క మాటలో రెండు వేర్వేరు విషయాలున్నాయి. ఒకటి, దేనితో తయారైంది? రెండోది, పారేశాక ఏమవుతుంది? బ్రెజిల్‌లో చెరకు ఇథనాల్‌తో పాలిథిన్ తయారు చేస్తున్నారు. పుట్టింది చెరకు నుంచే, కానీ మట్టిలో అది మామూలు పాలిథిన్‌లాగే ఉండిపోతుంది. పీబ్యాట్ అనే పదార్థం సంగతి దీనికి తలకిందులు. అది సాధారణంగా పెట్రోలియం నుంచే వస్తుంది, అయినా కంపోస్ట్‌లో సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ఏఎస్ఎల్ రూపొందించిన బ్యాగులు ఈ కోవలోవే. 2021 ఆగస్టులో తిరుమలలో వాటి అమ్మకానికి కౌంటర్ తెరిచారు.

ఎక్కువగా వినిపించే పేరు పీఎల్ఏ. మొక్కజొన్న పిండిలోనో చెరకులోనో ఉన్న చక్కెరను పులియబెడితే లాక్టిక్ ఆమ్లం వస్తుంది. దాన్ని గొలుసులుగా కలిపితే పీఎల్ఏ. గాజులా మెరుస్తుంది, జ్యూస్ గ్లాసులకు బాగుంటుంది. చిక్కల్లా వేడితోనే. దాదాపు 60 డిగ్రీల దగ్గర మెత్తబడిపోతుంది. రంజాన్‌లో డేగ్‌లోంచి తీసిన హలీం పొగలు కక్కుతూ డబ్బాలో పడుతుంది కదా, మామూలు పీఎల్ఏ డబ్బా దానికి తట్టుకోదు. పోనీ పెరట్లో పాతిపెడదామా అంటే, త్వరగా కుళ్లడానికీ అంతే వేడి కావాలి. అది పెద్ద కంపోస్ట్ ప్లాంట్లలోనే ఉంటుంది. నాలాలో పడితే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, నీటికి అడ్డం పడుతుంది. మేక తిన్నా ప్రమాదమే. వాటర్ బాటిళ్లతో కలిస్తే ఆ రీసైక్లింగ్ సరుకు కూడా పాడవుతుంది.

కొనేటప్పుడు ఆకు బొమ్మను చూసి మోసపోకండి. 'కంపోస్టబుల్' అన్న మాట, తయారీదారు పేరు, ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణం, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ నంబర్ ఉన్నాయో లేదో చూడండి. ఈ ప్రమాణం ప్రకారం కంపోస్ట్ పరిస్థితుల్లో 180 రోజుల్లోపు కనీసం 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. ఉత్త 'బయో', 'ఎకో' అని రాసి నంబర్ లేకపోతే అదనంగా ఇచ్చే రూపాయి దండగే.

తడి చెత్తతో కంపోస్ట్ చేసే ఏర్పాటు మీ బస్తీలో ఉంటే ఈ కవర్లు నిజంగా పనికొస్తాయి. చెత్త డంపింగ్ యార్డుకే పోతుంటే వీటితో పెద్ద లాభం ఉండదు. అలాంటి చోట దావత్‌కు స్టీలు ప్లేట్లు అద్దెకు తెచ్చుకోవడం, హలీంకు ఇంటి నుంచి స్టీలు గిన్నె పట్టుకెళ్లడమే మంచిది.