వనపర్తి తొలి శాసనసభ్యుడు: సురవరం ప్రతాపరెడ్డి రాజకీయ జీవితం – పునఃపరిశీలన

వ్యాససంగ్రహం:
సురవరం ప్రతాపరెడ్డి (1896–1953) పత్రికా సంపాదకుడుగా, సాంఘిక చరిత్రకారుడుగా సుప్రసిద్ధులు. 1952లో ఆయన వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన విషయాన్ని జీవితచరిత్రలు ఒక్క వాక్యంలో ముగిస్తాయి. ఆ ఎన్నిక ఒక సాహితీవేత్తకు చివరి దశలో దక్కిన గౌరవం కాదని, 1930లో జోగిపేటలో మొదలైన ప్రాతినిధ్య రాజకీయానికి అది కొనసాగింపని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సంస్థానాల నేలపై తొలి వయోజన ఓటు ఏం మార్చింది, ఏం మార్చలేదు అన్నది ఇందులోని ప్రధాన చర్చ.

కీలక పదాలు: సురవరం ప్రతాపరెడ్డి, వనపర్తి, గోపాల్‌పేట, సంస్థానాలు, గోలకొండ పత్రిక, ఆంధ్ర మహాసభ, హైదరాబాదు శాసనసభ.

1. ప్రవేశిక

2025లో తెలంగాణ శాసనసభ ఒక చట్టం ద్వారా తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. ఆ సందర్భంలో ఆయన సాహిత్యసేవే ఎక్కువగా స్మరణకు వచ్చింది. అందులో ఆశ్చర్యం లేదు. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం మరణానంతరం లభించింది. ‘గోలకొండ కవుల సంచిక’ లేకుండా తెలంగాణ సాహిత్య చరిత్ర రాయడం సాధ్యం కాదు. అయినా, ఏ సభ ఆయన పేరిట చట్టం చేసిందో అటువంటి సభలో ఆయన కూడా ఒకప్పుడు సభ్యులన్న సంగతి పరిశోధకుల దృష్టికి అంతగా రాలేదు. సాహిత్య విద్యార్థులు దాన్ని రాజకీయమని వదిలేశారు, రాజకీయ చరిత్రకారులు ఆయన్ని సాహితీవేత్త అని వదిలేశారు.

2. సంస్థానాల నేల

నేటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల ప్రాంతం నిజాం కాలంలో సంస్థానాల నేల. గద్వాల, వనపర్తి, గోపాల్‌పేట, జటప్రోలు, అమరచింత సంస్థానాలు దాదాపు ఒకదానినొకటి ఆనుకొని ఉండేవి. సంస్థానాధీశులు నిజాముకు పేష్కషు చెల్లించి, తమ హద్దుల్లో శిస్తు వసూలు నుంచి తగవుల పరిష్కారం వరకు తామే నిర్వహించుకొనేవారు. గోపాల్‌పేట వంటి చిన్న సంస్థానపు రైతుకు ‘సర్కారు’ అంటే హైదరాబాదు కాదు, ఊరి పక్కనున్న కోట. దివానీ ఇలాకాలోని రైతుకు కనీసం తాలూకా కచేరీకి అర్జీ పెట్టుకొనే దారి ఉండేది. సంస్థాన రైతుకు, నిజాం పాలనకు మధ్య మరొక గడప ఉంది.

ఈ సంస్థానాలను కేవలం పీడన కేంద్రాలుగా చిత్రించడం సగం నిజమే అవుతుంది. రాజధానిలో ఉర్దూ రాజభాషగా ఉన్న కాలంలో తెలుగు, సంస్కృత పాండిత్యాలకు ఆశ్రయమిచ్చినవి ఇవే. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అన్న పేరు ఊరికే రాలేదు. అయితే ఆస్థానం కవిని పోషించింది గాని ప్రజకు హక్కు ఇవ్వలేదు. ప్రతాపరెడ్డి రాజకీయాన్ని అర్థం చేసుకోవడానికి ఈ రెండింటినీ కలిపి చూడాలి. ఆయన ఆ పాండిత్యానికి వారసులు, ఆ నిర్హక్కు స్థితికి విమర్శకులు.

3. నదికి ఆవలి చదువు, ఈవలి పత్రిక

ప్రతాపరెడ్డి 1896 మే 28న అలంపురం ప్రాంతంలోని బోరవెల్లిలో జన్మించారు. స్వగ్రామం ఇటికాలపాడు గద్వాల సంస్థానంలోనిది. బాల్య విద్య కర్నూలులో సాగింది. కర్నూలు తుంగభద్రకు ఆవలి ఒడ్డు, అంటే బ్రిటిషిండియా. ఒక నది దాటితే సభలు, పత్రికలు, సంఘాలు నిత్యవ్యవహారం. తిరిగి ఇవతలికి వస్తే వాటిలో ప్రతిదానికీ అనుమతి కావాలి. మద్రాసులో ఉన్నతవిద్య, న్యాయశాస్త్ర పట్టా పూర్తిచేసి హైదరాబాదు చేరిన యువకుడికి ఈ తేడా పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసినది కాదు.

హైదరాబాదులో ఆయనకు స్థావరమైనది రెడ్డి హాస్టలు. దాని స్థాపనకు మూలపురుషుడైన కొత్వాలు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి కూడా వనపర్తి సంస్థాన ప్రాంతం వారే. హాస్టలు కార్యదర్శిగా ప్రతాపరెడ్డి పల్లెల నుంచి వచ్చిన విద్యార్థుల తరాన్ని దగ్గరగా చూశారు. కుల సంస్థగా మొదలైన ఆ హాస్టలు ఒక రాజకీయ తరానికి పాఠశాల అయింది. ఇందులో ఒక పరిమితి కూడా ఉంది. ఆ తరంలో అత్యధికులు భూమి ఉన్న కుటుంబాల బిడ్డలు. ఈ పరిమితి తరువాతి కథలో మళ్ళీ ఎదురవుతుంది.

1926 మే 10న ‘గోలకొండ పత్రిక’ అర్ధవారపత్రికగా వెలువడింది. శాసనసభ లేని రాజ్యంలో పత్రికే సభ. గ్రామాధికారుల ఆగడాలు, వెట్టి, తెలుగు బడుల లేమి, అర్జీలు పట్టించుకోని కచేరీలు దానిలో చోటు చేసుకొన్నాయి. సంపాదకీయాలపై ప్రభుత్వం ఆంక్షలు పెట్టినప్పుడు ఆ స్థలాన్ని ప్రపంచ మేధావుల సూక్తులతో నింపారన్న ఉదంతం ప్రసిద్ధం. దానిని చమత్కారంగా చెప్పుకోవడం పరిపాటి. నిజానికి అది నిషేధం కింద పనిచేసే రాజకీయానికి మంచి నమూనా. చట్టాన్ని ధిక్కరించకుండానే, తాను మౌనంగా లేనని పాఠకుడికి తెలియజేయడం అందులోని విద్య.

1934 నాటి ‘గోలకొండ కవుల సంచిక’ను కూడా ఈ కోణం నుంచి చూడవచ్చు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు ప్రతాపరెడ్డి కోపంతో వాదించలేదు. ఊరూరా వివరాలు సేకరించి 354 మంది కవులను వారి పేర్లతో, ఊర్లతో ముద్రించారు. ‘లేరు’ అన్నవారికి పట్టికతో జవాబు చెప్పడం ఆయన పద్ధతి. పద్దెనిమిదేళ్ళ తరువాత అదే నేలపై మరొక రకమైన పట్టిక, ఓటర్ల జాబితా, ఆయన్ని సభకు పంపింది.

4. జోగిపేట

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని థియేటరులో జరిగిన సంఘసంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభలో కొందరు గేలిచేశారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. తొమ్మిదేళ్ళకు అది ఆంధ్ర మహాసభగా రూపొందింది. 1930 మార్చిలో జోగిపేటలో జరిగిన ప్రథమ మహాసభకు ప్రతాపరెడ్డి అధ్యక్షులు.

అనుమతి లేనిదే సభ జరపరాదన్న ‘గస్తీ నిషాన్ 53’ నీడలో ఆ సభ జరిగింది. కనుక అక్కడి భాష విన్నపాల భాష: విద్య, స్త్రీల స్థితి, మాతృభాష, గ్రంథాలయాలు. 1941లో చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షులయ్యాక మహాసభ పల్లెల్లోని భూమి ప్రశ్న వైపు మళ్ళింది. 1944 భువనగిరి సభతో చీలిపోయింది. ఆ తరువాతి పోరాటంతో పోల్చి జోగిపేటను ‘మితవాద దశ’ అని పక్కన పెట్టడం చరిత్రరచనలో అలవాటైంది.

ఆ విమర్శలో సత్యం ఉంది. తొలి మహాసభల వేదికలపై న్యాయవాదులు, భూస్వాములు ఎక్కువ, కౌలుదార్లు, కూలీలు తక్కువ. అయితే జోగిపేట చేసిన పనిని ఆ కొలతతోనే కొలిస్తే ఒక అంశం తప్పిపోతుంది. ఎన్నిక అన్న మాటకే చోటులేని రాజ్యంలో ప్రతినిధులు ఒకచోట చేరడం, అధ్యక్షుని ఎన్నుకోవడం, తీర్మానాన్ని ప్రతిపాదించడం, బలపరచడం, ఓటుకు పెట్టడం ప్రజలు నేర్చుకొన్నది అక్కడే. ‘ప్రజాధికారములు’, ‘ప్రాథమిక స్వత్వములు’ అన్న శీర్షికలతో ప్రతాపరెడ్డి రచనలు చేయడం కూడా ఈ శిక్షణలో భాగమే. 1939లో నిజాం ప్రకటించిన సంస్కరణలు ప్రజలను పౌరులుగా కాక వృత్తులుగా, వర్గాలుగా విభజించి ప్రాతినిధ్యం ఇవ్వజూపాయి. ఆ పద్ధతిన 1946లో జరిగిన ఎన్నికలను స్టేట్ కాంగ్రెస్ బహిష్కరించింది. మనిషికొక ఓటు అన్న సూత్రం అమలు కావడానికి మరికొన్నేళ్ళు పట్టింది.

5. 1952: కోట పక్కన ఓటు పెట్టె

1948 సెప్టెంబరులో పోలీసు చర్య, 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వరుసగా జరిగాయి. సంస్థానాలు ఈ క్రమంలోనే తమ ప్రత్యేక అస్తిత్వాన్ని కోల్పోయాయి. 1952 తొలి సార్వత్రిక ఎన్నికలలో ప్రతాపరెడ్డి వనపర్తి నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీచేసి గెలిచారు. అప్పటికి వయస్సు 55.

ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టిన ఎన్నికలు అవి. చదువురాని ఓటరు గుర్తు చూసి కాగితం వేయాలి. కాంగ్రెసు పెట్టెపై జోడెద్దుల బొమ్మ ఉండేది. ఇరవై ఏళ్ళకు పైగా అక్షరంతో రాజకీయం నడిపిన సంపాదకుణ్ణి, ఆయన పత్రికను ఎన్నడూ చదవలేని వారు కూడా ఎన్నుకొన్నారు. గోలకొండ పత్రిక పాఠకలోకం వేరు, వనపర్తి ఓటర్ల లోకం వేరు. మొదటిది ఆయన నిర్మించుకొన్నది. రెండవది రాజ్యాంగం ఆయనకు ఎదురుగా నిలిపినది. ఈ విజయాన్ని పూర్తిగా ఆయన వ్యక్తిగత ప్రతిష్ఠకు జమకట్టడం సరికాదు. కాంగ్రెస్ పేరు, పోలీసు చర్య తరువాతి వాతావరణం, సంస్థాన వ్యవస్థ కుప్పకూలిన క్షణం, అన్నీ అందులో పాలుపంచుకొన్నాయి. అయినా గద్వాల సంస్థానపు పల్లెబిడ్డ వనపర్తి సంస్థానపు గడ్డపై ప్రజాప్రతినిధి కావడం, దానికి ఏ కోట సనదూ అవసరం లేకపోవడం, ఆ ప్రాంత చరిత్రలో కొత్త సంఘటన.

6. పదిహేడు నెలలు

175 స్థానాల హైదరాబాదు శాసనసభలో కాంగ్రెసుకు 93, ప్రజాస్వామ్య ప్రతిపక్ష సంఘటన అయిన పీ.డీ.ఎఫ్‌.కు 42 దక్కాయి. 1952 మార్చి 6న బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. కాశీనాథరావు వైద్య సభాపతి. తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ ప్రాంతాల ప్రతినిధులు ఒకే కప్పు కింద కూర్చున్న సభ అది.

ఆ సభా ప్రాంగణం ఆంధ్ర మహాసభ చరిత్రను విప్పి పరిచినట్లుంటుంది. ప్రథమ సభాధ్యక్షుడు ప్రతాపరెడ్డి అధికారపక్షపు బల్లపై ఉన్నారు. 1931 దేవరకొండ ద్వితీయ సభాధ్యక్షుడు బూర్గుల ముఖ్యమంత్రి. 1936 షాద్‌నగర్ సభాధ్యక్షుడు కొండా వెంకటరంగారెడ్డి మంత్రి. మహాసభను వామపక్షం వైపు నడిపిన ధార ఎదుటి బల్లలపై కూర్చుంది. 1944లో తెగిపోయిన సంభాషణ 1952లో సభానియమాల మధ్య తిరిగి మొదలైందని చెప్పవచ్చు. దానికి ముందు తెలంగాణ పల్లెల్లో ఎంత రక్తం ప్రవహించిందో ఆ సభలో తెలియనివారు లేరు.

ప్రతాపరెడ్డికి మంత్రివర్గంలో స్థానం లేదు. సహచరులు, తరువాతి వరుస అధ్యక్షులు మంత్రులైన చోట ప్రథమాధ్యక్షుడు సాధారణ సభ్యుడు. దీన్ని అన్యాయంగా చూసే జీవితచరిత్ర ధోరణిని అంగీకరించడం కష్టం. పత్రికలో ఆయన మాటే చివరి మాట. సభలో పార్టీ విప్పు, కాలనియమం, సంఖ్యాబలం ఉంటాయి. సంపాదకుడి స్వాతంత్ర్యం శాసనసభ్యుడికి సంక్రమించదు. ప్రభుత్వాన్ని ప్రశ్నించడమే వృత్తిగా బ్రతికిన వ్యక్తి ప్రభుత్వపక్షంలో కూర్చోవలసి రావడం పదవి రాకపోవడం కన్నా లోతైన విషయం.

పైగా కాలం ప్రశాంతమైనది కాదు. 1952 సెప్టెంబరు మొదటి వారంలో ముల్కీ ఉద్యమంలో హైదరాబాదు వీధుల్లో విద్యార్థులపై కాల్పులు జరిగాయి. తెలంగాణలో కవులు లేరన్న మాటకు 354 పేర్లతో బదులిచ్చిన నాటి ప్రశ్నే, స్థానికుల ఉద్యోగాల రూపంలో, తన పార్టీ ప్రభుత్వం ముందే నిలిచింది. అదే ఏడాది డిసెంబరులో పొట్టి శ్రీరాములు మరణం, ఆంధ్ర రాష్ట్ర ప్రకటన హైదరాబాదు రాష్ట్రపు మనుగడనే ప్రశ్నార్థకం చేశాయి. 1953 ఆగస్టు 25న ప్రతాపరెడ్డి కన్నుమూశారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడడానికి అప్పటికి అయిదు వారాలు ఉంది. ఆయన సభ్యులుగా ఉన్న రాష్ట్రం మరో మూడేళ్ళకు మూడు ముక్కలైంది.

7. కోట తిరిగివచ్చిన విధం

‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడింది. రాజుల యుద్ధాలను పక్కకు నెట్టి, ప్రజల తిండి, బట్ట, ఆట, పండుగ, నమ్మకం చరిత్రకు విషయాలని నిరూపించిన గ్రంథమది. సంస్థానాలు చట్టబద్ధంగా అంతరించిన కాలమూ అదే. రాజులు లేని చరిత్రను రాసిన వ్యక్తి, రాజు పోయిన నేలకు తొలి ప్రతినిధి అయ్యారు. రెండు పనుల వెనుక ఉన్న దృష్టి ఒకటే.

అయితే వనపర్తి ఓటరు కోటకు శాశ్వతంగా వీడ్కోలు చెప్పలేదు. సంస్థాన వారసుడు జె. రామేశ్వరరావు 1957లో మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆయన భార్య కుముదినీ దేవి 1962లోను, 1967లోను వనపర్తి శాసనసభ్యురాలు. కోట కూడా ఇక జోడెద్దుల గుర్తుపైనే రావలసి వచ్చిందని ఒక వాదన. గుర్తు మారినా విశ్వాసం పాతదేనని మరొక వాదన. 1952ను సంస్థాన అధికారానికి ముగింపుగా చెప్పేవారు మొదటిదాన్ని, కొనసాగింపుగా చూసేవారు రెండవదాన్ని ఎంచుకొంటారు. మొదటి వాదనే బలమైనది. సనదు వంశానికి ఇచ్చినది, తిరిగి అడగవలసిన పని లేదు. ఓటు అయిదేళ్ళకొకసారి వెళ్ళి అడగవలసినది. 1972 తరువాత వనపర్తి ఇతరులను ఎన్నుకొంది. గోపాల్‌పేట సంస్థానం పేరు ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఒక మండలం పేరు. వనపర్తి రాజప్రాసాదంలో 1959 నుంచి పాలిటెక్నిక్ కళాశాల నడుస్తోంది.