చేప కడుపులో సాక్ష్యం

పొద్దున్నే పేపరు తెరిచి నేరవార్తల పేజీకి వస్తే అక్కడి భాషంతా చేపల రేవుదే. లంచం తీసుకుంటూ దొరికిన ఉద్యోగి ‘ఏసీబీ వలలో’ పడతాడు. కోట్లు కూడబెట్టినవాడు ‘అవినీతి తిమింగలం’ అవుతాడు. కొలువులిప్పిస్తామని మోసం చేసేవాళ్లు నిరుద్యోగులకు ‘గాలం’ వేస్తారు, ‘ఎర’ చూపుతారు. చివరికి పోలీసులు ‘వల పన్ని’ పట్టుకుంటారు. విశాఖ మధురవాడలో కాపురం పెట్టి, కొండ దిగి మంగమారిపేట సముద్రపు ఒడ్డుకు నడిచే అలవాటు పడ్డాక ఈ మాటలు నాకు కొత్తగా వినిపించసాగాయి. నేరం గురించి మాట్లాడాల్సి వస్తే తెలుగువాళ్లం వేటకెళ్లే మనిషి మాటలే వాడుకుంటున్నాం. మరి మన డిటెక్టివ్ నవలలో ఆ వేట మనిషి ఏడీ?

ఈ ప్రశ్న నాలో పుట్టించింది ఒక అమెరికన్ నవలల వరుస. విస్కాన్సిన్ రాష్ట్రం ఉత్తర కొసన, సరస్సులూ ఏళ్లూ అల్లుకున్న అడవి సీమలో లూన్ లేక్ అనే కల్పిత పట్నం. విక్టోరియా హ్యూస్టన్ 2000లో ‘డెడ్ యాంగ్లర్’తో మొదలుపెట్టి ఆ ఊళ్లోనే ఒకదాని వెనక ఒకటి హత్యలు జరిపించింది. అక్కడి పోలీసు అధికారి లూ ఫెర్రిస్ అనే మహిళ. ఆమెకు తోడు ఆస్‌బర్న్ అనే రిటైరైన పళ్ల డాక్టరు. శవం ఎవరిదో పళ్లు చూసి చెప్పగలడు. ఆమె దగ్గర ఫ్లై ఫిషింగ్ నేర్చుకుంటుంటాడు. తొలి నవలలో వేటకని ఏట్లో దిగినప్పుడే శవం తగులుతుంది. ఆ పట్నంలో ఎవరి పడవ ఎక్కడ కట్టి ఉంటుందో, ఏ మలుపులో ఏ చేప ఉంటుందో అందరికీ తెలుసు. హంతకుడికీ తెలుసు.

ఫ్లై ఫిషింగ్‌లో ఎర అన్నది తినేది కాదు. కోడి ఈక, దారం, జంతువుల బొచ్చు కలిపి కొక్కేనికి చుట్టి, నీటి మీద వాలిన పురుగులా కనిపించేట్టు చేస్తారు. దానికి బరువుండదు కాబట్టి బరువైన తాడునే కొరడాలా వెనక్కీ ముందుకీ ఆడించి విసరాలి. ఆ పూట ఏటి మీద ఏ పురుగు లేస్తోందో గమనించి, దాన్ని పోలినదే కట్టాలి. తప్పు పురుగు కడితే చేప పక్కనుంచే వెళ్లిపోతుంది. ఇది పూర్తిగా చూపు మీద నడిచే విద్య. డిటెక్టివ్ కథకు ఇంతకన్నా దగ్గరి చుట్టం ఇంకేముంటుంది?

ఈ వేట చాలా పాతది. రోమన్ రచయిత ఏలియన్ క్రీ.శ. 200 ప్రాంతంలోనే, మాసిడోనియా జాలర్లు కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు కట్టి చేపలు పట్టడాన్ని వర్ణించాడు. ఇంగ్లండులో 1496లో గాలం విద్య మీద ఒక పుస్తకం అచ్చయింది. 1653లో ఐజాక్ వాల్టన్ ‘ది కంప్లీట్ యాంగ్లర్’ వచ్చింది. మనవైపు చూస్తే కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన ‘మానసోల్లాసం’లో మత్స్య వినోదమని ఒక భాగమే ఉంది. ఏ చేప ఎక్కడ బతుకుతుంది, దేనికి ఏ మేత పెట్టాలి, తాడు ఎలా పేనాలి, కొక్కెం ఎలా ఉండాలి అని ఒక రాజు కూర్చుని రాయించాడు. గాలం విద్య దొరలు తెచ్చిపెట్టింది కాదని చెప్పడానికి ఈ ఒక్క గ్రంథం చాలు.

గాలాన్నీ హత్యనూ ఒకచోట కలిపింది మాత్రం ఇంగ్లీషులో రాసిన రచయితలే. డొరొతీ సేయర్స్ ‘ఫైవ్ రెడ్ హెరింగ్స్’ 1931లో వచ్చింది. కథ జరిగే స్కాట్లండు మూలనున్న గాలోవేలో మనుషులకు రెండే పనులు, బొమ్మలు గీయడం, చేపలు పట్టడం. 1938లో సిరిల్ హేర్ ఒక ఏటి ఒడ్డున, వేట హక్కులు పంచుకున్న పెద్దమనుషుల మధ్య హత్య చేయించాడు. నాకు అన్నిటికన్నా నచ్చింది నైయో మార్ష్ 1955లో రాసిన ‘స్కేల్స్ ఆఫ్ జస్టిస్’. ఏటి ఒడ్డున ఒక కర్నల్ చచ్చిపడి ఉంటాడు. పక్కన, ఊరంతా ఏళ్ల తరబడి పట్టాలని చూసిన పెద్ద ట్రౌట్ చేప. కేసు ఆ చేప పొలుసుల మీద తేలుతుంది. చెట్టు మొద్దులో వలయాల్లాగే పొలుసు మీదా ఎదుగుదల గీతలుంటాయి. వాటిని బట్టి చేప వయసు లెక్కగట్టడం మత్స్య శాస్త్రంలో మామూలు పని. ఈ పొలుసు ఆ చేపదేనా, వేరేదా అన్న ప్రశ్నను ఆమె ఏకంగా నేర పరిశోధనకు తిప్పేసింది. లూన్ లేక్ వరుసకు ముత్తవ్వ ఈ పుస్తకమే అని నా నమ్మకం.

అయితే ఈ ఇంగ్లీషు పుస్తకాలన్నిటికీ ఎన్నో శతాబ్దాల ముందే చేప సాక్ష్యంగా నిలిచిన కేసు ఒకటి మన పిల్లలకు కూడా తెలుసు. దాన్ని మనం ప్రేమకథగానే చదివాం. కాళిదాసు ‘అభిజ్ఞాన శాకుంతలం’ ఆరో అంకం మొదట్లో ఇద్దరు భటులు ఒక జాలరిని చేతులు వెనక్కి విరిచి కట్టి తెస్తారు. వెంట నగర రక్షణాధికారి. జాలరి దగ్గర రాజముద్ర ఉన్న ఉంగరం దొరికింది. దొంగిలించావని కొడుతూ అడుగుతారు. తనది శక్రావతారమనీ, ఎర్ర చేపను కోస్తే కడుపులో ఉంగరం కనబడిందనీ, అమ్ముదామని తెస్తే పట్టుకున్నారనీ చెప్తాడు. అతని ఒంటి పచ్చి చేప వాసన చూసి, వీడు జాలరేనని అధికారి నమ్ముతాడు. అంతవరకూ తేల్చుకుని, ఉంగరం పట్టుకుని రాజు దగ్గరికి వెళ్తాడు.

ఇప్పటి డిటెక్టివ్ కథకు కావలసిన సరుకంతా ఆ కొద్ది మాటల్లో ఉంది. పోయిన వస్తువు, తప్పుడు అనుమానితుడు, పోలీసు దెబ్బలు, వాసనను బట్టి కూపీ, సాక్ష్యం ఎలా చేతికొచ్చిందన్న విచారణ. చివరికి రాజు పంపిన బహుమానంలో సగం జాలరి ఆ భటులకే ఇచ్చేస్తాడు. అంతా కలిసి కల్లు దుకాణానికి నడుస్తారు. కందుకూరి వీరేశలింగం గారు ఈ నాటకాన్ని తెలుగు చేశారు. చదివినవాళ్లకు శకుంతల కన్నీళ్లు గుర్తుండిపోయాయి. తన్నులు తిన్న జాలరి మాత్రం ఆ కొద్ది మాటలతో వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు.

ఆ జాలరి మళ్లీ ఎందుకు రాలేదో తెలియాలంటే మన డిటెక్టివ్ పుట్టిన ఇల్లు చూడాలి. 1841లో ఎడ్గార్ అలన్ పో మొదలుపెట్టిన ఈ కథారీతి, 1887లో షెర్లాక్ హోమ్స్ వచ్చాక ప్రపంచమంతా పాకింది. తెలుగుకు అది చాలావరకు బెంగాల్ మీదుగా చేరింది. పాంచకడి దే నవలలు అనువాదాలై వచ్చాయి. దేవరాజు వెంకటకృష్ణారావు ‘వాడే వీడు’ ఆ తొలినాళ్లలో పేరు మోసింది. తర్వాత కొవ్వలి లక్ష్మీనరసింహారావు పుస్తకాలు రైల్వే ప్లాట్‌ఫారాల మీద వేరుశెనక్కాయల్లా అమ్ముడుపోయాయి. ఆయన రాసింది వేరే రకం నవల. అయినా చవక పుస్తకం కొని రైల్లో చదివే పాఠకుణ్ణి తయారుచేసింది ఆయనే. ఆ పాఠకుడే తర్వాత డిటెక్టివ్ నవల దగ్గరికి నడిచాడు.

1957లో కొమ్మూరి సాంబశివరావు ‘చావు కేక’ వచ్చింది. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు, సెక్రటరీ కాత్యాయని, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. ఈ నాలుగు పేర్లూ చెప్తే చాలు, ఇప్పుడు అరవై దాటినవాళ్ల కళ్లు మెరుస్తాయి. కొమ్మూరి డెబ్బైకి పైగా అపరాధ పరిశోధన నవలలు రాశారు. వాక్యం చిన్నది, సంభాషణ చురుకు, అనవసరమైన వర్ణన ఉండదు. మా ఊరి అద్దె పుస్తకాల కొట్టులో ఆ పుస్తకాల అట్టలు చిరిగి, కుట్టు ఊడి, చివరి పేజీలు లేకుండా ఉండేవి. హంతకుడెవరో తెలియని నవలలు నేను ఎన్ని చదివానో! ఆ లేని పేజీలను నేనే ఊహించుకునేదాన్ని. రాయాలనే కోరిక పుట్టింది అక్కడే.

కానీ యుగంధర్‌ది మద్రాసు. అప్పటికి తెలుగు అచ్చుపని, పత్రికలు, సినిమా అన్నీ అక్కడే. రచయితలు అక్కడే బతికారు, డిటెక్టివ్‌లూ అక్కడే కార్లు నడిపారు. బంగళా, హోటలు, టెలిఫోను, రివాల్వరు. విశాఖపట్నంలో పుట్టిన ఆరుద్ర కూడా ఈ దారిలో చెయ్యి చేసుకున్నారు. ‘పలకల వెండి గ్లాసు’, ‘ఆవు పులి మధ్య కారు’ ఆయన డిటెక్టివ్ రచనలే. టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ వరసగా రాశారు. మధుబాబు షాడో వచ్చేసరికి కథ ఊరూ రాష్ట్రమూ దాటి దేశాల సరిహద్దులకు వెళ్లిపోయింది. షాడో కోసం నేనూ రాత్రులు మేలుకున్నాను. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పుస్తకాల్లో మనకు వీరుడు దొరికాడు గానీ ఊరు దొరకలేదు. ఊరు లేకపోతే ఊరికి తెలిసిన రహస్యం ఉండదు. జాలరికి మాట్లాడే పని ఉండదు.

ఊరిని కథలోకి తెచ్చింది సినిమా. 1985లో వంశీ ‘అన్వేషణ’ తీసినప్పుడు తలకోన అడవి ఒక పాత్ర అయింది. పక్షుల కూతల మీద పరిశోధనకు వచ్చిన అమ్మాయి, పులి చంపిందని చెప్పే చావులు. లూన్ లేక్ కంటే పదిహేనేళ్లు ముందే ప్రకృతి చెవిలోంచి నేరాన్ని విన్న కథ అది. మరుసటి ఏడాది జంధ్యాల, మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ‘చంటబ్బాయ్’ని తెరకెక్కించి డిటెక్టివ్ పాండురంగారావును నవ్వుల్లో ముంచారు. 2019లో ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ నెల్లూరులో బోర్డు కట్టుకున్నాడు. చిన్న పట్నం డిటెక్టివ్ తెలుగులో నిలబడగలడని అతను రుజువు చేశాడు. 2022లో ‘హిట్’ రెండో కేసు విశాఖలో నడిచింది. 2023లో ఎనిమిది భాగాల వెబ్ సిరీస్ ‘దూత’ మన నగరాన్ని వానలో తడిపి చూపింది. రెండింటినీ గర్వంగా చూశాను. బీచ్ రోడ్డు కనబడింది, కొండలు కనబడ్డాయి. తెప్ప మీది మనిషికి తెలిసిన సంగతి మీద కథ తిరగడం మాత్రం ఇంకా జరగలేదు.

2005లో మహా విశాఖ నగరంలో కలిసే వరకు మధురవాడ హైవే పక్క ఊరు. ఇప్పుడు ఒకవైపు క్రికెట్ స్టేడియం, ఒకవైపు సాఫ్ట్‌వేర్ కొండలు. తూర్పున కాస్త దూరంలో తొట్లకొండ కిందనే మంగమారిపేట తెప్పలు. ఆ తెప్పల దగ్గర ఎన్ని ఆనవాళ్లున్నాయో నాకు నిలబడి చూస్తే తెలిసింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. ఆ రోజుల్లో ఒక బోటు అడుగు తడిగా ఉంటే అది కూపీయే. కొమ్ముకోనాం చేప గాలానికి పడితే తాడు మనిషి అరచేతిని ఎలా కోస్తుందో వాళ్లకు తెలుసు. చేతి గాయం అబద్ధం చెప్తే పట్టేస్తారు. ఇక సముద్రం. మన తీరం వెంట నీటి ప్రవాహం ఏడాది పొడుగునా ఒకే దిక్కున పోదు. ఫిబ్రవరి నుంచి మే దాకా సాధారణంగా ఉత్తరంగా లాగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణంగా. అంటే రుషికొండ దగ్గర నీట పడినది మార్చిలో అయితే భీమిలి వైపు, నవంబరులో అయితే గంగవరం వైపు కొట్టుకుపోవాలి. శవం తప్పు ఊళ్లో తేలితే, చెప్పిన తేదీ అబద్ధమన్నమాట.

ఈ లెక్క నాకు పుస్తకంలో దొరికింది. సరిచూసుకుందామని ఒక సాయంత్రం తెప్ప నీడన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన పక్కన కూర్చున్నాను.

“తాతా, ఇక్కడ నీట్లో పడ్డ వస్తువు ఎటు పోతుంది?”

ఆయన సూది ఆపలేదు.

“ఏ నెల్లో పడిందమ్మా? పొద్దుటేలా, సందేలా? గాలి ఏపునుంచి? ఒడ్డుకాడా, లోతుకాడా? అయ్యి సెప్పకుండా ఎటెల్లిందంటే ఏటి సెప్పేది?”