ప్రమాణ పత్రాల్లో పరాచికం

ఇంటర్నెట్‌లో ఒక కంప్యూటరు మరో కంప్యూటరుతో ఎలా మాట్లాడాలో నిర్ణయించే నియమాల్లో చాలా భాగం ఆర్‌ఎఫ్‌సీలనే పత్రాల వరసలో ఉంటాయి. 1969 ఏప్రిల్ 7న లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థి స్టీవ్ క్రాకర్ పేరుతో మొదటి పత్రం వెలువడింది. తరవాత ఆ వరస తొమ్మిది వేలు దాటింది. ఈమెయిలు, వెబ్‌సైటు, ఫైళ్ల బదిలీ, అన్నిటి వెనకా ఇవే. ఇంత గంభీరమైన పత్రాల మధ్య ఏప్రిల్ ఒకటో తేదీ వేసుకుని వచ్చినవి కొన్ని ఉన్నాయి. ఎవరూ కట్టకూడని వ్యవస్థల్ని అవి అక్షరం పొల్లుపోకుండా ప్రమాణ భాషలో వర్ణిస్తాయి. చాలామంది వీటిని ఇంజనీర్ల ఆటవిడుపుగా చూసి నవ్వుకుని వదిలేస్తారు. వాటిలో ప్రసిద్ధమైన వాటిని వరసగా చదివితే మాత్రం నాకు వేరే సంగతి కనిపిస్తుంది. ఆ సమాజంలో హాస్యం విమర్శకు ఒక పద్ధతిగా పనిచేసింది. ఏ మనిషినీ వేలెత్తి చూపకుండా పనిలోని లోపాన్ని అందరి ముందూ పెట్టే వీలు కల్పించింది. నాలుగు దశాబ్దాలకు పైగా అది నిలవడానికి కారణం అదే.

1978లో వచ్చిన 748వ పత్రాన్ని చూడండి. రాసినవారు మార్క్ క్రిస్పిన్. ఈనాటికీ మన మెయిలు పెట్టెల్ని నడిపిస్తున్న ఐమ్యాప్ పద్ధతిని తరవాతి దశకంలో రూపొందించింది ఆయనే. దూరంలోని కంప్యూటరును వాడుకునే టెల్నెట్‌లో రెండు యంత్రాలు ముందుగా కొన్ని సౌకర్యాల గురించి ఒప్పందానికి రావాలి. క్రిస్పిన్ ఆ జాబితాకు ఇంకొకటి చేర్చారు. ఉన్నట్టుండి ఆగిపోవడం, సమాచారం పోగొట్టడం చాలా యంత్రాలు ఎలాగూ చేస్తున్నాయి కాబట్టి, వాడుకరి కావాలంటేనే అలా జరిగేలా దాన్నీ ఒక సౌకర్యంగా ప్రకటిద్దామన్నారు. దానికి ఆయన ఇచ్చిన సంఖ్య 256. ఆ సంఖ్యకు కేటాయించిన ఎనిమిది బిట్లలో 255 వరకే పడుతుంది కనక ఈ సౌకర్యాన్ని ఎవరూ అడగలేరు. పత్రాన్ని పైపైన చూసినవాళ్లకు ఈ చమత్కారం దొరకదు, లెక్క తెలిసినవాళ్లకే దొరుకుతుంది. అప్పటి యంత్రాల తీరుపై ఫిర్యాదు రాసి ఉంటే ఏదో ఒక సంస్థ నొచ్చుకునేది. ఇలా చెప్పడంతో అన్ని సంస్థలవాళ్లూ తమ యంత్రాన్ని అందులో గుర్తుపట్టి నవ్వుకోగలిగారు.

1990లో డేవిడ్ వైట్జ్‌మన్ రాసిన 1149వ పత్రం ఇంకా ప్రసిద్ధం. సమాచార ప్యాకెట్లను చిన్న కాగితం చుట్ట మీద అచ్చువేసి, పావురం కాలికి చుట్టి పంపే పద్ధతి అది. ఆలస్యం ఎక్కువ, మోసే సమాచారం తక్కువ అని ఆ పత్రమే చెబుతుంది. నవ్వు వెనక ఇంటర్నెట్ మూల సూత్రం ఉంది. ఇంటర్నెట్ ప్రోటోకాల్‌కు కింద తీగ ఉందా, రేడియో ఉందా అన్న పట్టింపు లేదు, ప్యాకెట్‌ను మోసేది ఏదైనా చాలు. 2001లో నార్వేలోని బెర్గెన్ లినక్స్ అభిమానులు నిజంగానే పావురాలతో ఈ పద్ధతిని నడిపి చూశారు. తొమ్మిది ప్యాకెట్లు పంపితే నాలుగింటికి జవాబులొచ్చాయి, ఒక్కో జవాబుకు దాదాపు గంట నుంచి గంటా ముప్పావు దాకా పట్టింది. అంత నత్తనడకలోనూ ప్రోటోకాల్ పనిచేసింది. ఎన్ని పాఠ్యపుస్తకాలు చెప్పినా ఆ సూత్రం ఇంతకంటే బాగా మనసుకు పట్టదు.

1998 నాటి 2324వ పత్రంలో విమర్శ మరీ సూటిగా ఉంటుంది. రచయిత ల్యారీ మాసింటర్ వెబ్‌కు ఆధారమైన హెచ్‌టీటీపీ ప్రమాణాల కార్యవర్గాన్ని నడిపినవారు. ఆ రోజుల్లో ఎవరికి తోచిన తోకలు వారు ఆ ప్రోటోకాల్‌కు తగిలిస్తున్నారు. ఆయన కాఫీ కుండల్ని నడిపే ప్రోటోకాల్ రాసి, కాఫీ కాయమని టీ కుండను అడిగితే 418 అనే జవాబు రావాలని నిర్దేశించారు. హెచ్‌టీటీపీని తగని రీతిలో ఎలా సాగదీస్తున్నారో చూపడానికే అది రాశానని తరవాత ఆయనే వివరించారు. 2003లో భద్రతా నిపుణుడు స్టీవెన్ బెల్లోవిన్ 3514వ పత్రంలో, దురుద్దేశంతో పంపే ప్రతి ప్యాకెట్ మీదా ఖాళీగా ఉన్న ఒక బిట్‌ను 1గా పెట్టాలని నిబంధన విధించారు. దాడి చేసేవాడు నిజాయితీగా ఉంటాడన్న నమ్మకం మీద కట్టిన భద్రత ఎంత బలహీనమో ఆ ఒక్క బిట్టు చెబుతుంది.

ఇవన్నీ కేవలం సరదా రాతలే, నేను లేని అర్థాలు తీస్తున్నాను అని ఎవరైనా అనవచ్చు. రాసినవాళ్లకు సరదా ఉన్న మాట నిజమే. ఆ సరదా ఎటు తిరిగిందన్నదే ప్రశ్న. క్రిస్పిన్ వేలుపెట్టింది టెల్నెట్‌లో, మాసింటర్ వేలుపెట్టింది హెచ్‌టీటీపీలో, బెల్లోవిన్ వేలుపెట్టింది భద్రతలో. ముగ్గురూ తమకు చేతనైన పనిలోని లోపాన్నే ఎంచుకున్నారు. పత్రాల సంపాదకులు కూడా వీటిని పరిశీలించాకే మామూలు వరసలో, మామూలు సంఖ్యలతో ప్రచురించారు. మన అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగానికి ఒక పృచ్ఛకుణ్ణి ప్రత్యేకంగా కూర్చోబెడతారు. ఆ హాస్యం సభను పాడుచెయ్యదు, అవధాని ధారణ ఎంత గట్టిదో తేలుస్తుంది. ఏప్రిల్ ఒకటికి ఈ పత్రాల వరసలో దక్కిన చోటు అలాంటిదే.

రెండో అభ్యంతరం బలమైనది. ప్రమాణాల్లో జోకులు కలిస్తే ఏది నిజమో తెలియక గందరగోళం వస్తుంది. ఈ భయం ఊహ కాదు. 1982లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో లిఫ్టులో పాదరసం ఒలికిందని ఒకరు వేళాకోళంగా రాస్తే, కొందరు దాన్ని నిజమైన హెచ్చరికగా తీసుకున్నారు. ఆ చర్చలోనే సెప్టెంబరు 19న స్కాట్ ఫాల్మన్ పక్కకు వాలిన నవ్వుముఖాన్ని ప్రతిపాదించారు. జోకుకు గుర్తుగా కోలన్, అడ్డగీత, మూసిన బ్రాకెట్ పెట్టాలన్నారు. హాస్యాన్ని ఆపమని ఎవరూ శాసించలేదు, గుర్తు పెట్టే ఏర్పాటు చేసుకున్నారు. ఆర్‌ఎఫ్‌సీల్లోనూ అంతే. తరవాతి కాలపు మామూలు పత్రాల మీద నెల, సంవత్సరమే ఉంటాయి, పరాచికాల మీద ఏప్రిల్ ఒకటో తేదీ కూడా పడుతుంది. అయినా నష్టం పూర్తిగా తప్పలేదు. 418ని చాలామంది ప్రోగ్రాముల్లో పెట్టుకున్నారు. 2017లో హెచ్‌టీటీపీ కార్యవర్గం తరఫున దాన్ని తీసేయమని అడిగితే ప్రోగ్రామర్ల నుంచి పెద్ద ప్రతిఘటన వచ్చింది. చివరికి 2022 నాటి 9110వ పత్రం, ఆ సంఖ్య ఇక అసలు పనికి వాడలేనంతగా వ్యాపించిందని ఒప్పుకుని దాన్ని పక్కన పెట్టింది. ఒక సంఖ్య పోయింది, అది నిజమైన ఖర్చే. పావురాల పత్రం నేర్పిన పాఠంతో పోల్చి చూస్తే ఆ ఖర్చు నాకు చిన్నదిగానే కనిపిస్తుంది.

అన్నిటికంటే ఆలోచించాల్సిన అభ్యంతరం మూడోది. లోపలివాళ్లకే అర్థమయ్యే ఛలోక్తి కొత్తవాళ్లకు గోడ అవుతుంది, ఎగతాళి అయితే గాయమే చేస్తుంది. దీన్ని నేను కాదనను. ప్రోగ్రామర్ల మధ్య పరాచికం పేరుతో సాగిన కటువు మాటలకు కొరత లేదు. 2018 సెప్టెంబరులో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తన ఈమెయిళ్లలోని దురుసుతనానికి బహిరంగంగా క్షమాపణ చెప్పి కొన్ని వారాలు పక్కకు తప్పుకున్నారు. ఆ ప్రాజెక్టు అప్పుడే కొత్త ప్రవర్తనా నియమావళిని అంగీకరించింది. అయితే ఆ దురుసుతనమూ పావురాల పత్రమూ ఒక కోవవి కావు. మొదటిది మనిషి మీదికి వెళ్లింది, రెండోది పని మీదికి. మొదటిదానికి కావలసింది అధికారమే, రెండోదానికి పనితనం కావాలి. గోడ సంగతికొస్తే, ఈ పత్రాలన్నీ ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. 256 ఎందుకు పట్టదో తెలుసుకున్న విద్యార్థికి జోకుతోపాటు బైటు కొలత కూడా వచ్చేస్తుంది. వివరించి చెప్పేవాళ్లుంటే అదే గోడ గుమ్మమవుతుంది.

కాబట్టి సాంకేతిక సమాజాల్లో హాస్యం ఉండాలా వద్దా అన్న ప్రశ్న మనల్ని ఎటూ తీసుకెళ్లదు. అది ఎలాగూ ఉంటుంది. ఎలాంటిది నిలిచిందో ఈ చరిత్ర చెబుతోంది. లోపం క్షుణ్ణంగా తెలిసినవాళ్లు రాసింది నిలిచింది, తేదీతోనో గుర్తుతోనో ఇది జోకని చెప్పుకున్నది నిలిచింది, పక్కవాణ్ణి వదిలి పనినే గురిచూసుకున్నది నిలిచింది. ఈ మూడూ పాటించినచోట హాస్యం కొత్తగా చేరినవాళ్లకూ పాఠమవుతుంది. పాటించనిచోట నియమావళి రాసుకోక తప్పదు, రాసుకోవడమే మంచిది కూడా.