యంత్రం వచ్చాక పని ఎవరిది? అమెరికా రైల్వేలలో విధుల వివాదాలు (1936–1966)

ఆవిరి ఇంజన్‌లో ఫైర్‌మన్ కొలిమికి బొగ్గు అందించాలి, బాయిలర్‌లో నీటి మట్టం చూసుకోవాలి, ఆవిరి పీడనం తగ్గకుండా కాపాడాలి. డీజిల్ ఇంజన్‌లో ఆ కొలిమే లేదు. అయినా డీజిళ్లు వచ్చాక దాదాపు ముప్ఫై ఏళ్లపాటు అమెరికా రైళ్లలో ఫైర్‌మన్ డ్రైవర్ పక్కనే కూర్చున్నాడు. పని లేని జీతమని యాజమాన్యాలు ఎద్దేవా చేశాయి. భద్రతకు రెండో మనిషి ఉండి తీరాలని యూనియన్లు బదులిచ్చాయి. చరిత్రకారులు కూడా ఎక్కువగా ఈ రెండు వాదనల్లో ఏది నిజమో తేల్చే పనిలోనే ఉండిపోయారు.

ఈ వ్యాసం అంతకు ముందున్న ప్రశ్నను పరిశీలిస్తుంది: అసలు వాదన విధుల చుట్టూ ఎందుకు తిరిగింది? యంత్రం వల్ల కొలువు పోయినవాడికి పరిహారం అడిగే హక్కు లేకపోవడమే అందుకు ప్రధాన కారణమని నా ప్రతిపాదన. పరిహారం అడిగే దారి లేనప్పుడు, తన పని ఇంకా మిగిలే ఉందని వాదించడం తప్ప కార్మికుడికి గత్యంతరం లేదు.

చట్టం చూపిన రెండు దారులు

1926 నాటి రైల్వే లేబర్ చట్టం ఈ వివాదాలకు చట్రం. ఒప్పందాన్ని మార్చాలనే వివాదాన్ని పెద్ద వివాదమనీ, ఉన్న ఒప్పందానికి అర్థం చెప్పాలనే వివాదాన్ని చిన్న వివాదమనీ అనడం న్యాయస్థానాల్లో స్థిరపడింది. పెద్ద వివాదంలో నోటీసు, చర్చలు, ప్రభుత్వ రాజీ ప్రయత్నం, అవసరమైతే అధ్యక్షుడు నియమించే అత్యవసర బోర్డు వరుసగా నడుస్తాయి. అవన్నీ ముగిసేదాకా పాత పరిస్థితిని మార్చకూడదు. ముగిశాక సమ్మెకు దిగవచ్చు. చిన్న వివాదం 1934లో ఏర్పడిన నేషనల్ రైల్‌రోడ్ అడ్జస్ట్‌మెంట్ బోర్డుకు వెళుతుంది. దానిపై సమ్మె చెల్లదని సుప్రీంకోర్టు 1957లో తేల్చింది.

కొత్త యంత్రం తెచ్చిన మార్పు ఏ కోవలోకి వస్తుందన్నదే మొదటి పోరు అయింది. పాత ఒప్పందం ఈ మార్పును అనుమతిస్తోందని యాజమాన్యం అంటే అది చిన్న వివాదం. ఒప్పందాన్నే తిరగరాస్తున్నారని యూనియన్ అంటే పెద్ద వివాదం. పోయిన కొలువుకు ఎంత చెల్లించాలన్న ప్రశ్నకు ఈ రెండు దారుల్లోనూ సిద్ధంగా ఉన్న జవాబు లేదు.

1936 ఒప్పందం వదిలిన ఖాళీ

ఆ జవాబు మరోచోట దొరికింది, అదీ సగమే. మాంద్యం రోజుల్లో రైల్వే కంపెనీలు తమ స్టేషన్లను, షెడ్లను, కార్యాలయాలను కలిపేసుకునే ఆలోచనలో ఉండగా, 1936 మేలో వాషింగ్టన్ ఉద్యోగ రక్షణ ఒప్పందం కుదిరింది. అలాంటి విలీనం వల్ల కొలువు కోల్పోయినవారికి సగటు నెల జీతంలో 60 శాతం, సర్వీసును బట్టి గరిష్ఠంగా 5 ఏళ్ల వరకు ఇవ్వడానికి కంపెనీలు ఒప్పుకున్నాయి. కానీ ఇది విలీనాలకే పరిమితం. రెండు కంపెనీలు ఒక షెడ్‌ను పంచుకోవడం వల్ల రోడ్డున పడ్డవాడికి భత్యం ఉంది. అదే షెడ్‌లోకి కొత్త యంత్రం రావడం వల్ల పడ్డవాడికి లేదు.

ఆ మరుసటి ఏడాదే, 1937లో, జాతీయ డీజిల్ ఒప్పందం వచ్చింది. వేగంగా నడిచే ప్రయాణికుల రైళ్ల డీజిళ్లలోనూ, చోదక చక్రాలపై 90,000 పౌండ్లకు మించిన బరువున్న ఇంజన్లలోనూ ఫైర్‌మన్ ఉండాలని అది నిర్దేశించింది. అప్పటికి డీజిళ్లు కొద్దిగానే ఉన్నాయి కాబట్టి ఈ షరతు యాజమాన్యాలకు భారంగా తోచలేదు. రెండు ఒప్పందాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, విలీనం దెబ్బకు మందు డబ్బు రూపంలో, యంత్రం దెబ్బకు మందు విధి రూపంలో వచ్చాయని తెలుస్తుంది. ఫైర్‌మన్ సీటు డ్రైవర్ హోదాకు మెట్టు కూడా. దాన్ని వదులుకుంటే నేటి జీతంతోపాటు రేపటి పదోన్నతి కూడా పోతుంది.

హక్కు ఎవరి చేతిలో ఉంది?

ఈ విధిని కాపాడిన బ్రదర్‌హుడ్ ఆఫ్ లోకోమోటివ్ ఫైర్‌మెన్ అండ్ ఇంజిన్‌మెన్ అందరినీ కాపాడలేదు. దక్షిణాది రాష్ట్రాల్లో బొగ్గు ఎత్తే కష్టమంతా చాలాకాలం నల్లజాతి ఫైర్‌మన్లది. యాంత్రిక స్టోకర్లు వచ్చి శ్రమ తగ్గాక, డీజిళ్లు వచ్చి మసి పోయాక, ఆ కొలువు తెల్లవారికీ ఇష్టమైంది. నల్లవారికి సభ్యత్వమే ఇవ్వని ఈ యూనియన్, 1941లో ఆగ్నేయ ప్రాంత రైల్వేలతో వారి సంఖ్యకు పరిమితి విధించే ఒప్పందం చేసుకుంది. అలబామాకు చెందిన బెస్టర్ విలియం స్టీల్ కోర్టుకెక్కాడు. న్యాయవాది చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్ వాదించిన ఆ కేసులో, ఒక వృత్తి వర్గం మొత్తం తరఫున మాట్లాడే యూనియన్ ఆ వర్గంలో అందరికీ న్యాయంగా ప్రాతినిధ్యం వహించాలని 1944లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. సభ్యత్వం ఇవ్వాలని మాత్రం అనలేదు. విధి ఒక్కటే ఆస్తిగా మిగిలినచోట, ఆ ఆస్తికి వాటాదారులను తగ్గించే ప్రయత్నం కూడా జరుగుతుందని ఈ కేసు చూపుతుంది.

అవసరమా, అనుభవమా?

1959 నవంబరులో రైల్వేలు నిబంధనల మార్పుకు నోటీసులిచ్చాయి. మరుసటి ఏడాది ఐజన్‌హోవర్ 15 మంది సభ్యుల కమిషన్‌ను నియమించారు. సైమన్ రిఫ్‌కైండ్ అధ్యక్షతన అది 1962 ఫిబ్రవరిలో నివేదిక ఇస్తూ, గూడ్సు, యార్డు ఇంజన్లలో ఫైర్‌మన్ అవసరం లేదని చెప్పింది. యూనియన్లు ససేమిరా అన్నాయి. 1963 ఆగస్టు 28న, సమ్మె మొదలవడానికి గంటల ముందు, నిర్బంధ మధ్యవర్తిత్వాన్ని విధించే చట్టంపై కెన్నెడీ సంతకం చేశారు. దాని కింద ఏర్పడిన 282వ నంబరు బోర్డు అదే ఏడాది నవంబరు 26న తీర్పు వెలువరించింది.

గూడ్సు, యార్డు సర్వీసుల్లో 90 శాతం చోట్ల ఫైర్‌మన్ లేకుండా నడపవచ్చన్న భాగమే పత్రికలకెక్కింది. మన పరిశీలనకు ముఖ్యమైనది మిగతా భాగం. రెండేళ్లలోపు సర్వీసున్నవారిని పరిహారమిచ్చి పంపవచ్చు. రెండు నుంచి పదేళ్ల వారికి దీటైన మరో ఉద్యోగం చూపితేనే తప్పించవచ్చు. పదేళ్లు దాటినవారి కొలువుకు ఢోకా లేదు. డీజిల్ ఇంజన్‌కు తన ఫైర్‌మన్ ఎన్నేళ్లుగా పనిచేస్తున్నాడో తెలియదు కదా! సాంకేతిక అవసరమే కొలమానమైతే పదేళ్ల గీతకు అర్థం లేదు. బోర్డు కొలిచింది అవసరాన్ని మాత్రమే కాదు, ఆ మనిషి ఆ కొలువులో గడిపిన కాలాన్ని కూడా. ఆ తీర్పు గడువు రెండేళ్లే కావడంతో వివాదం మళ్లీ లేచి, 1972 ఒప్పందంతో చల్లారింది. అప్పుడూ మార్గం ఒకటే: ఉన్నవారిని ఉంచి, ఖాళీలను నింపకపోవడం.

పాత పని, కొత్త చేతులు

టెలిగ్రాఫర్ల సంగతి మరో రకం. ఫైర్‌మన్ పని మాయమైతే, వీరి పని రూపం మార్చుకుని మరొకరి బల్ల మీదికి చేరింది. యూనియన్ పసిఫిక్ రైల్వేలో ఐబీఎం యంత్రాలు వచ్చాక టెలిగ్రాఫర్లు చేసే పనిని కంపెనీ గుమస్తాలకు అప్పగించింది. తమ ఒప్పందం ప్రకారం అది తమదేనని టెలిగ్రాఫర్ల యూనియన్ అడ్జస్ట్‌మెంట్ బోర్డుకెళ్లి గెలిచింది. గుమస్తాల ఒప్పందాన్ని బోర్డు పరిశీలించనేలేదు. రెండు ఒప్పందాలనూ ఒకే విచారణలో కలిపి చూసి తేల్చాలని 1966లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఒక్కో వర్గంతో ఒక్కో ఒప్పందం చేసుకునే వ్యవస్థలో, వర్గాల హద్దును చెరిపేసే యంత్రం వస్తే ఇద్దరు హక్కుదారులు తయారవుతారు.

అప్పటికే ఒక మేలైన నమూనా సిద్ధమైంది. 1965 ఫిబ్రవరి 7న గుమస్తాలు, టెలిగ్రాఫర్లు, ట్రాక్, సిగ్నల్ సిబ్బంది వంటి రైలు నడపని వర్గాల యూనియన్లతో రైల్వేలు ఒప్పందం చేసుకున్నాయి. 1964 అక్టోబరు 1 నాటికి రెండేళ్లు అంతకుమించి సర్వీసున్నవారికి కొలువు హామీ దక్కింది. సహజంగా ఏర్పడే ఖాళీల ద్వారా తగ్గింపు ఏడాదికి 6 శాతం మించరాదన్నారు. బదులుగా సాంకేతిక మార్పులు చేసే హక్కును యూనియన్లు గుర్తించాయి. పనిని వ్యవస్థలో ఎక్కడికైనా తరలించవచ్చునన్నాయి, వర్గాల హద్దు దాటనంతవరకే. మనిషికి భరోసా దొరికిన వెంటనే విధులపై పట్టు సడలింది. భరోసా దొరకని ఒక్క చోట, అంటే వర్గాల హద్దు దగ్గర, పట్టు అలాగే ఉండిపోయింది.

ముగింపు

ఈ ముప్ఫై ఏళ్ల అనుభవం నేటికీ పనికొస్తుంది. రైలు వేగాన్ని స్వయంచాలకంగా అదుపుచేసే పాజిటివ్ ట్రైన్ కంట్రోల్‌ను అమెరికా రైల్వేలు 2020 చివరికి తప్పనిసరి మార్గాల్లో పూర్తిచేశాయి. వెంటనే కండక్టర్ రైల్లో ఉండాలా, నేల మీద ఉండాలా అన్న వాదన ముదిరింది. సాధారణంగా ఇద్దరు సిబ్బంది ఉండాలని 2024 ఏప్రిల్‌లో ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్ నిబంధన తెచ్చింది. భద్రత వాదనను ఇక్కడ తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. ప్రమాదం జరిగినప్పుడు మైళ్ల పొడవున్న గూడ్సులో రెండో మనిషి చేసే పని నిజమైనదే. అయితే యంత్రం మిగిల్చే డబ్బులో కార్మికుడికి వాటా ఎంతో ముందుగా తేల్చకపోతే, ఆ నిజమైన భద్రతా ప్రశ్న కొలువు కాపాడుకునే ప్రశ్నతో కలగలిసిపోయి, ఏది ఏదో విడదీయలేని స్థితి వస్తుంది. 1937లో అదే జరిగింది. పరిహారాన్ని విధుల నుంచి వేరుచేసిన 1965 ఒప్పందం ఆ ముడిని కొంతైనా విప్పింది. విధుల వివాదాలను అధ్యయనం చేసేవారు పని మిగిలిందా లేదా అని అడిగే ముందు, పని పోతే ఆ మనిషికి ఏం రాసిపెట్టి ఉందో ఒప్పందంలో వెతకాలి.