ఆడు, ఆట

కబడ్డీ ఆటే, కోలాటమూ ఆటే. తోలుబొమ్మలదీ ఆటే, సినిమా హాల్లో రాత్రి పడే రెండో ఆటా ఆటే. దాయాది భాషల్లోనూ ఇంతే: కర్ణాటక తీరంలో యక్షగానాన్ని ఆట అని పిలుచుకుంటారు, కథకళికి రాసిన కావ్యం మలయాళంలో ఆట్టక్కథ. అన్నిటికీ మూలం ‘ఆడు’. కదలడమే దాని అసలు అర్థమని తోస్తుంది. గాలి ఆడుతుంది, ఊపిరి ఆడుతుంది. ఆ కదలికే నాట్యమైంది, పందెమైంది, చివరికి పలుకు కూడా అయింది: మాట్లాడటం, కొనియాడటం, అబద్ధమాడటం.

నన్ను ఎక్కువగా పట్టి నిలిపేది దెబ్బ తగిలినప్పటి వాడుక. మోకాలు బిగుసుకుపోతే ‘కాలు ఆడటం లేదు’ అంటాం. మైదానంలో మనిషి ఆడటానికీ, ఒంట్లో కీలు ఆడటానికీ ఒకటే క్రియ. ఒకటి ఆగితే రెండోదీ ఆగవచ్చు: బ్రిటన్‌లో క్రీడలను అధ్యయనం చేసే ఆండ్రూ స్పార్క్స్‌కు వెన్ను దెబ్బతిని పోటీ క్రీడ దూరమైంది. 1996లో ఆయన ఆ అనుభవాన్ని తన శరీరం కథగా రాసి పరిశోధన పత్రికలోనే అచ్చువేశారు. వెన్నులో ఎక్కడ తేడా వచ్చిందో స్కానింగ్ చూపిస్తుంది. బలమే తన గుర్తింపుగా బతికిన మనిషికి ఆ బలం పోయాక ఏం మిగిలిందో చూపించదు. అది తెలియాలంటే కథే కావాలి.

ఇలా కథను నమ్ముకున్న మరో పరిశోధకురాలు కిట్రీనా డగ్లస్, ఒకప్పుడు వృత్తి గోల్ఫ్ క్రీడాకారిణి. తోటి పరిశోధకుడు డేవిడ్ కార్లెస్‌తో కలిసి ఆమె ఇతర గోల్ఫ్ క్రీడాకారిణుల జీవితకథలు విన్నారు. గెలుపే సర్వస్వమనే కథ క్రీడాలోకంలో ఎంత గట్టిగా వినిపిస్తుందో, కొత్త చోట్లు చూడటానికో తనవాళ్లకు దగ్గరగా ఉండటానికో ఆడిన వాళ్ల కథ దాని కింద ఎలా అణగిపోతుందో గుర్తించారు. ఇలా విన్నవాటిని వాళ్లిద్దరూ కథలుగా, పాటలుగా మలిచి జనం ముందు పాడతారు కూడా.

పాట పరిశోధన ఎలా అవుతుందని అడిగేవాళ్లున్నారు. అడగవలసిన ప్రశ్నే. పాట బాగుంటే సరిపోదు. ఎవరి బతుకు నుంచి పుట్టిందో ఆ మనిషి విని, ‘ఇది నా సంగతి కాదు’ అనగలిగే వీలుండాలి. పట్టికలో తన అంకెను గుర్తుపట్టలేని మనిషి పాటలో తనను గుర్తుపడుతుంది. అందుకే ఈ పద్ధతిలో నిజాయితీకి పరీక్ష ఇంకా గట్టిదనుకుంటాను.

ఈ పద్ధతి మన ఆటలకూ కావాలి. తెలంగాణలో బతుకమ్మను ‘ఆడతారు’. చప్పట్లు, వంగి లేచే అడుగు, పాట, వలయం: ఏదీ విడిగా ఉండదు. ప్రశ్నావళి పట్టుకుని ‘వ్యాయామం చేస్తారా?’ అని అడిగితే అక్కడి పెద్దమ్మ లేదనే అనవచ్చు. ఆ సంస్కృత పదంలో ఆమె ఆటకు చోటు లేదు. ఎంతసేపు ఆడతారు, ఏ పాటకు అడుగు వేగం పెరుగుతుంది, ఏ వయసులో వంగడం తగ్గించారు, అప్పుడు పక్కన ఎవరున్నారు అని అడగాలి. జవాబు పాటగా వస్తే పాటగానే రాసుకోవాలి.