బస్తర్ కోర్టు కాగితాలు చెప్పినవి, చెప్పనివి

భర్త భార్యను కొట్టడం చాలా పాత విషయం. దానిని లెక్కించి, కారణాలు వెదకి, శాస్త్రీయంగా పరిశీలించడం మాత్రం కొత్త. ఈ చరిత్రను మనకు పొరుగునే ఉన్న బస్తర్ నుంచి మొదలుపెడదాం.

నేడు ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న బస్తర్ అప్పట్లో ఒక సంస్థానం. జగదల్‌పూర్ రాజధాని. దక్షిణాన తెలుగు వినిపించే ఊళ్ల వరకు ఆ రాజ్యం ఉండేది. రాజవంశం కూడా తాము ఓరుగల్లు కాకతీయుల సంతతివారమని చెప్పుకొనేది. అక్కడి దండామి మాడియా గోండులలో జరిగిన 100 హత్యకేసులను వెరియర్ ఎల్విన్ అనే మానవశాస్త్రవేత్త పరిశీలించి, 1943లో 'మారియా మర్డర్ అండ్ సూసైడ్' అనే పుస్తకం ప్రచురించాడు. మద్యం, ఆస్తి తగాదాలు, చేతబడి అనుమానాలు, కుటుంబ కలహాలు, అసూయ, చివరకు ఒళ్లు అలసిన వేళ వచ్చే కోపం కూడా ఆయన చూపిన కారణాలలో ఉన్నాయి. మాడియాలు స్వభావరీత్యా క్రూరులన్న అభిప్రాయాన్ని ఆయన ఒప్పుకోలేదు. ఆ కాలానికి ఇది చిన్న విషయం కాదు.

అయితే విజ్ఞానశాస్త్ర విద్యార్థి ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ సమాచారం ఎక్కడిది? ఎక్కువ భాగం కోర్టు దస్తావేజులనుంచి వచ్చింది. హత్య జరిగితేనే దస్తావేజు పుడుతుంది. దెబ్బలు తిని బ్రతికిన స్త్రీ అందులో కనిపించదు. చనిపోయిన స్త్రీ సాక్ష్యం చెప్పలేదు. ఇక మిగిలేది భర్త మాట. పైగా 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 'తీవ్రమైన, ఆకస్మికమైన రెచ్చగొట్టడం' అనే మినహాయింపు ఉంది. దాని వల్ల విచారణ "ఆమె ఏం చేసింది?" అనే వైపు మళ్లుతుంది. (2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఈ మినహాయింపు కొనసాగుతోంది.)

బ్రతికి ఉన్న భార్యనే అడగాలన్న ఆలోచన మన దేశంలో పెద్ద ఎత్తున అమలు కావడానికి దశాబ్దాలు పట్టింది. ఈ లోపు 1983లో 498-ఎ సెక్షన్ వచ్చింది. కుటుంబంలోని హింస కూడా మానవ హక్కుల విషయమేనని ఐక్యరాజ్యసమితి 1993 ప్రకటన స్పష్టం చేసింది. మన గృహహింస చట్టం 2005లో తయారై, 2006 అక్టోబరు 26న అమలులోకి వచ్చింది. దాదాపు అదే సమయంలో, 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే భర్తల హింస గురించి స్త్రీలనే వివరంగా అడిగింది.

ఈ సర్వేలు మరొకటి కూడా అడుగుతాయి: ఏ సందర్భంలోనైనా భర్త కొట్టడం సమంజసమేనా? చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇంటిని పిల్లలను పట్టించుకోకపోవడం, ఎదురు మాట్లాడడం, శారీరక సంబంధానికి నిరాకరించడం, వంట సరిగా చేయకపోవడం, శీలంపై అనుమానం, అత్తమామలను గౌరవించకపోవడం – మొత్తం ఏడు సందర్భాలు. బస్తర్ ముద్దాయిలు చెప్పుకొన్న కోపకారణాలకు ఇవి ఎంతో దూరం కావు. 2019-21 సర్వేలో వీటిలో ఒక్కదానికైనా "అవును" అన్న స్త్రీలు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. హిమాచల్‌లో 14.8 శాతమే! హింసను అడవికి, అనాగరికతకు ముడిపెట్టేవారు ఈ అంకెలను చూడాలి.

కాని తొందరపడి ఒక నిర్ణయానికి రావద్దు. ఏడింటిలో ఒక్కదానికి తల ఊపినా లెక్కలోకి వస్తుంది. అంత మంది స్త్రీలు దెబ్బలు కోరుకుంటున్నారని దీని అర్థం కాదు. తమ చుట్టూ ఏది మామూలుగా చెల్లుతోందో వారు చెబుతున్నారు. అదే స్త్రీ ఫిర్యాదు చేయడానికి ఎందుకు వెనుకాడుతుందో కూడా ఇక్కడే కొంత అర్థమవుతుంది.

హింస గురించిన ప్రశ్నలను ఇంటికి ఒక్క స్త్రీనే, ఎవరూ వినకుండా అడగాలని నియమం. మూడో మనిషి వినే వీలుంటే అడగకూడదు. ఏకాంతం దొరకని ఇళ్లలో ఆ పేజీలు ఖాళీగానే తిరిగి వస్తాయి.